ఎడమ బోల్టు

మట్టెవాడ సందుల మా దుకాణం.
బోర్డు మీద "ఆయుధముల మరమ్మతు."
"ము" ఊడిపోయి ఏడాదైంది.
ఎలక్షన్లొస్తే తుపాకులన్నీ ఠాణాల జమైతయి,
నాకు చేతినిండ ఖాళీ.
మిగిలిన దినాలు బ్యాంకు గార్డుల డబుల్ బ్యారళ్లు,
తుప్పు, మడ్డి, ఎలుకలు కొరికిన బెల్టులు.

పరకాల కాడి నుంచి పురుషోత్తంరావు పటేలు వచ్చిండు.
జంపఖానల చుట్టిన తుపాకి బల్ల మీద పెట్టి
"మా పెద్దనాయనది. తాడ్వాయి అడవిల
పులిని కొట్టిండు దీంతోని.
ధర కట్టి కాగితం రాసియ్యి" అన్నడు.

ధర కట్టుడంటే ముందు నోరు మూసుకొనుడు.
అమ్మెటోడు చెప్పేది చెవిల పడనియ్యాలె,
చేతిల పడనియ్యద్దు.
మా తాత అవుసుల పని చేసినోడు.
నగ తెచ్చినోళ్ల ముఖం చూడకపోతుండె,
ముందు గీటురాయి చూస్తుండె.

కంపెనీ పేరు లేదు, ఎక్కడా లేదు.
మరలు చూసిన: ఏడు మరలు,
ఏడింటి గాట్లూ గొట్టం వెంబడే, ఒక్కటి పక్కకు చూడదు.
కార్ఖానల గంపగుత్తకు చేసినోనికి గింత ఓపికుండది.
కట్టె విప్పిన. గొట్టం కింద, ఎవ్వరికీ కనబడని కాడ,
కిరీటం ముద్ర, సన్నటి రెండక్షరాలు, నంబరు పదకొండు.
ఎవరో ఒక ముసలాయన, సముద్రం అవతల,
తన ఇంటి వెనక కొట్టంల
ఏడాదికి రెండో మూడో చేసి ఉంటడు.
గొట్టంల లైటు పెట్టి చూసిన.
గాడులు అద్దం లెక్క.
బోరు పాయింట్ టూ టూ.

నా చెయ్యి ఆగింది.
గీ బోరుతోని పులిని కొట్టుడు కాదు పటేలా,
పులి చెవి మీది ఈగను కొట్టొచ్చు, యాభై గజాల నుంచి.
గా మాట పైకి అనలే.

బోల్టు పిడి ఎడమకున్నది.
చెంప ఆనే ఉబ్బు కుడి పక్కకున్నది.
టేపు పెట్టిన: మడమ నుంచి మీట దాకా పన్నెండున్నర అంగుళాలు.
జాకెటు కుట్టెటోడు కొలత తీసినట్టు
ఎవరి ఒంటికో తీసిన కొలత.
"పెద్దనాయన ఎంత పొడుగు?"
"ఆరడుగులు. దర్వాజల వంగి వస్తుండె."
"ఎడమచెయ్యా?"
"ఛ! మా ఇంట్ల ఎడమచెయ్యి ఒక్క ఆండాళత్తదే.
అన్నం కాడ ఏలు మీద దెబ్బలు తింటుండె.
గోషల ఉండె, బయటికి రాకపోతుండె."
అని, తనే ఆగిండు.

మడమ కాడ చిన్న ఇత్తడి తలుపు, గోరంత.
నూనె బుడ్డి పెట్టుకునే సొరంగం.
తెరిస్తె బుడ్డి లేదు,
నాలుగు మడతల కాగితం గురి పటం:
అయిదు గుండ్లు, ఒక్క బొక్క,
బొక్క పక్కన పెన్సిలుతోని తారీకు.
ఇంకా ఒక చెంపపిన్ను.

గప్పుడు చెప్పిన, నోరు తెరిచి:
"పులి కథతోని దీని ధర రెండు లక్షలు.
అదీ పులి మీద నమ్మకమున్నోడు దొరికితే.
గీ పటం, గీ పిన్ను, ఆమె పేరు కలిపి రాస్తే
ఆరు. రాసియ్యనా?"

బయట ఆటో ఒకటి హారన్ కొట్టి కొట్టి పోయింది.
పటేలు పటం మడిచి జేబుల పెట్టుకున్నడు,
తప్పు పత్రం మడిచినట్టు.
"పులే రాయి" అన్నడు.

రాయలే. బోరు రాసిన, నంబరు రాసిన,
"ఎడమచేతి వాటము, పొట్టి మనిషికి" అని రాసిన.
ధర కాడ రెండు లక్షలు.
పులి పేరు ఆయనే చెప్పుకోనీ.

పిన్ను బల్ల మీదనే ఇడిసిపెట్టి పోయిండు.
రెండు వారాలు చూసిన, ఫోను చేసిన, రాలేదు.
ఇప్పుడు దాంతోనే బోల్టు గుంతల మడ్డి గీకుతున్న.
మంచి ఇనుము.
ఇంకా వంగలేదు.